నవ్వాలా, భయపడాలా? షర్లీ జాక్సన్ ‘కాసిల్’ నవలని చదివే పద్ధతి

షర్లీ జాక్సన్ నా అభిమాన రచయిత్రి అని నలుగురిలో అన్న పాపానికి ఏడాదిగా ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. “మీరు చెప్పారని ‘వి హ్యావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ది కాసిల్’ కొన్నాను. ముప్పై పేజీలయ్యాయి. దయ్యం రాలేదు, నవ్వూ రాలేదు. నేనేమైనా మిస్సయ్యానా?”

మిస్సయ్యారు. వేగంగా చదివితే ఎవరికైనా అంతే. 1962లో వచ్చిన ఈ నవల చాలా చిన్నది. పది అధ్యాయాలు, మామూలు ముద్రణలో నూట యాభై పేజీలకి అటూ ఇటూ. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. అయితే ఇందులో నవ్వు జోకుల్లో ఉండదు, చెప్పే గొంతులో ఉంటుంది. ఆ గొంతు మీ చెవికి అందేదాకా పేజీలు తిప్పి లాభం లేదు. కింద రాసిందంతా ఆ గొంతు పట్టుకోవడం గురించే.

ముందే ఒక మాట. 1 నుంచి 7 వరకు ఎక్కడా అసలు గుట్టు విప్పను. 8వ మెట్టు మాత్రం నవల పూర్తి చేసినవాళ్లకే.

1. తెరిచే ముందు చేయాల్సినవి

మొదటి పని, ముందుమాట వదిలేయడం. క్లాసిక్స్ వరసలో వచ్చే ముద్రణల్లో ముందుమాట రాసేవాళ్లు మీరు నవల ఎప్పుడో చదివేశారని అనుకుని రాస్తారు. నేను మొదటిసారి బుద్ధిగా ముందుమాటతోనే మొదలుపెట్టాను. కథలో దాచిన విషయం నాలుగో పేజీలోనే బయటపడింది. ఆ కసి ఇంకా తీరలేదు. ఆ పేజీలకి క్లిప్పు పెట్టేసి, ఆఖర్న చదువుకోండి.

2018 నాటి సినిమా కూడా తర్వాతే. సినిమా చూసి వస్తే పాత్రల మొహాలు కళ్లకి కనిపిస్తాయి కానీ గొంతు వినపడదు.

ఇక నిఘంటువు. ఇందులో ఇంగ్లీషు కష్టమైనది కాదు, వాక్యాలు స్కూలు పిల్ల రాసినంత తేలిగ్గా ఉంటాయి. చెట్ల పేర్లు, వంటకాల పేర్లు తెలియకపోయినా ఆగకండి. ఒక్క ‘ప్రిజర్వ్స్’ అన్న మాట దగ్గర మాత్రం ఆగండి. పళ్లు, కూరగాయలు సీసాల్లో నిల్వ పెట్టుకోవడం అది. ఆ ఇంటి నేలమాళిగలో తరతరాల ఆడవాళ్లు పెట్టిన సీసాలు వరసగా ఉంటాయి. మన ఊరగాయ జాడీల గది ఊహించుకుంటే సరిపోతుంది. మరీ పాతవి తింటే చచ్చిపోతామని అక్క చెల్లెలికి చెబుతుంది. అయినా వాటిని పారేయరు. అలమరలో భద్రంగా ఉంటాయి.

పుస్తకం ఖాళీ పేజీలో ఈ పటం గీసుకోండి. ఇవన్నీ మొదట్లోనే తెలిసిపోయే సంగతులు, ముందే చెప్పినా నష్టం లేదు.

- ఇంట్లో మిగిలినవాళ్లు ముగ్గురు: కథ చెప్పే మేరీ క్యాథరిన్ అలియాస్ మెర్రిక్యాట్, వయసు 18. ఆమె అక్క కాన్‌స్టెన్స్, 28. చక్రాల కుర్చీలో అంకుల్ జూలియన్, వాళ్ల నాన్నకి తోడబుట్టినవాడు.
- ఒక పిల్లి, జోనస్.
- ఆరేళ్ల కిందట ఒక రాత్రి భోజనాల్లో పంచదార గిన్నెలో పాషాణం కలిసింది. బ్లాక్‌బెర్రీ పళ్ల మీద ఆ పంచదార చల్లుకున్నారు. నలుగురు పోయారు: అమ్మ, నాన్న, తమ్ముడు, జూలియన్ భార్య.
- కాన్‌స్టెన్స్ మీద కేసు నడిచి, నిర్దోషిగా విడుదలైంది. అప్పటినుంచి ఇంటి ఆవరణ దాటలేదు.
- ఊరికి వీళ్లంటే పడదు. వీళ్లకి ఊరంటే పడదు.

2. ఏది రాదో ముందే తెలుసుకోండి

అభిమాన రచయిత్రి కావడమే ఇక్కడ చిక్కు. 1959లో వచ్చిన ఆవిడ దయ్యాల ఇంటి నవల ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ చదివి వచ్చినవాళ్లు తలుపు ఎప్పుడు దానంతటదే మూసుకుంటుందా అని చూస్తుంటారు. 1948 నాటి ‘ది లాటరీ’ కథ చదివినవాళ్లు చివరి పేజీలో బాంబు పేలుతుందని కాచుకుంటారు. ఈ నవలలో రెండూ లేవు.

కోట కూడా లేదు. ఉన్నది అమెరికా పల్లె అంచున, కంచె వేసుకుని తాళాలు బిగించుకున్న డబ్బున్నవాళ్ల ఇల్లు. గోతిక్ (పాత ఇళ్లు, రహస్యాలు, భయం నిండిన కథల తరహా) అనగానే గబ్బిలాలు, ఉరుములు వెతకకండి. మూసిన ఇల్లు, నోరు విప్పని కుటుంబ రహస్యం, గేటు బయట గుంపు, లోపల ఇద్దరు ఆడవాళ్లు: ఇక్కడి గోతిక్ సరంజామా ఇదే.

డిటెక్టివ్ నవల అనుకుని చదివితే మరీ నష్టం. విషం ఎవరు పెట్టారన్నది సగం మంది పాఠకులు సగంలోనే ఊహిస్తారు. ఊహించినా ఫర్వాలేదు, రచయిత్రి దాన్ని పెద్దగా దాచనూ లేదు.

3. మొదటి పేరా మూడుసార్లు

ఈ ఒక్క మెట్టు సరిగ్గా చేస్తే మిగతా పనిలో సగం తగ్గిపోతుంది.

మొదటి పేరాలో మెర్రిక్యాట్ తనని తాను పరిచయం చేసుకుంటుంది. పేరు, వయసు, అక్కతో ఉంటున్నాను. రెండు చేతుల్లోనూ నడిమి వేళ్లు రెండూ ఒకే పొడవు కాబట్టి అదృష్టం బాగుంటే తోడేలు మనిషిగా పుట్టేదాన్నేమో అంటుంది. స్నానం, కుక్కలు, చప్పుడు నచ్చవట. నచ్చేవి మూడు: అక్క, ఇంగ్లండు రాజవంశపు రిచర్డ్ ప్లాంటాజెనెట్, అమనీటా ఫలాయిడిస్ అనే విషపు పుట్టగొడుగు. ఆ వెంటనే, అదే స్వరంతో, మా ఇంట్లో మిగతా అందరూ చచ్చిపోయారని చెబుతుంది.

మొదటిసారి మనసులో చదవండి. రెండోసారి పైకి చదవండి. మూడోసారి, ఐదో తరగతి పిల్ల క్లాసులో నిలబడి ‘మైసెల్ఫ్’ వ్యాసం అప్పజెప్పినట్టు చదవండి. మై నేమ్ ఈజ్, మై ఫాదర్ నేమ్ ఈజ్, ఐ లైక్ మ్యాంగోస్. అదే రాగం. ఆ రాగంలో విషపు పుట్టగొడుగు, చావులు వచ్చి పడతాయి. అప్పుడు నవ్వు వస్తుంది. నవ్వాక ఒళ్లు ఒకసారి జలదరిస్తుంది. రెండూ వచ్చాయంటే గొంతు దొరికినట్టే. ఒకటే వస్తే ఇంకోసారి చదవండి. నాకు నాలుగోసారికి దొరికింది.

ఇంగ్లీషు చదువుతూ తెలుగులోకి మార్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ పేరాని అలా మార్చుకోకండి. మన తెలుగు బుర్ర చావు అనే మాట దగ్గర గొంతు దానంతటదే తగ్గించేస్తుంది. ఈ పిల్ల తగ్గించదు.

4. పెన్సిల్‌తో మూడు అక్షరాలు

పుస్తకం మీద గీయడం ఇష్టం లేనివాళ్లు చీటీలు వాడండి, ఫోన్‌లో చదివేవాళ్లు మూడు రంగులు పెట్టుకోండి.

- ‘న’: నవ్వు వచ్చిన చోట
- ‘భ’: భయమో ఇబ్బందో కలిగిన చోట
- ‘తి’: తిండి ప్రస్తావన వచ్చిన ప్రతి చోటా

మూడోది వింతగా అనిపిస్తుంది కానీ అదే ముఖ్యం. ఈ నవలలో ప్రేమ, పగ, భయం అన్నీ వంటింట్లోంచే నడుస్తాయి. ఎవరు వండుతారు, ఎవరు వడ్డిస్తారు, ఎవరికి తినడానికి చెయ్యి రాదు అన్నది గమనిస్తే చాలు, ఎవరి మనసేమిటో తెలిసిపోతుంది.

‘న’, ‘భ’ ఒకే వాక్యం పక్కన పడితే ఆ వాక్యానికి గుండ్రం చుట్టండి. పుస్తకం అయ్యేసరికి నాకు ఇలాంటివి ముప్పై దాకా తేలాయి. మీకు ఐదే వచ్చాయంటే చదివే వేగం తగ్గించాలి.

5. నవ్వులు మూడు రకాలు, కలిపేయకండి

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, కాబట్టి కొంచెం నిదానంగా.

మన దగ్గర పెద్దకర్మ భోజనాలు గుర్తు తెచ్చుకోండి. పోయినాయన ఫొటోకి దండ వేసి ఉంటుంది. రెండో పంక్తిలో ఎవరో, “గారెలు బాగా కుదిరాయండీ, మా ఇంట్లో అయినప్పుడు ఇంత బాగా రాలేదు” అంటారు. మనకి నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గేస్తుంది. అన్నాయనలో మాత్రం ఏ దురుద్దేశమూ ఉండదు. జాక్సన్ నవ్వు ఈ జాతిదే. అయితే అది మూడు చోట్ల నుంచి వస్తుంది.

ఒకటి, మెర్రిక్యాట్ నవ్వు. మొదటి అధ్యాయంలో ఆమె సరుకులకీ లైబ్రరీ పుస్తకాలకీ ఊళ్లోకి వెళుతుంది. ఆ నడకని ఒక ఆటలా ఊహించుకుంటుంది. గళ్లు, పందేలు, ఇక్కడ చిక్కితే ఒక ఆట పోయినట్టు, అక్కడికి చేరితే గెలిచినట్టు. మనకి వైకుంఠపాళి. కిరాణా కొట్లో నిలబడి వీళ్లంతా చచ్చి పడి ఉంటే బాగుండునని కూడా అనుకుంటుంది, సరుకుల చీటీ చదువుతున్నంత మామూలుగా. ఆమె మాట వరసకి అంటోందా, నిజంగానే అంటోందా అన్నది మనకి తేలదు. అది తేలకపోవడంలోనే నవ్వుంది.

ఇంటిని కాపాడుకోవడానికి ఆమె చేసే తంతులు కూడా ఈ కోవలోవే. వస్తువులు పాతిపెడుతుంది. నాన్న నోటుపుస్తకాన్ని చెట్టుకి మేకుతో కొడుతుంది. ఎవరూ పలకకుండా ఉన్నంతకాలం రక్షణ అని మూడు మాటలు ఎంచుకుంటుంది: మెలొడీ, గ్లాస్టర్, పెగసస్. మొదటిదాన్ని టోస్ట్ మీద జామ్‌తో రాసి తినేస్తుంది. గుమ్మానికి గుమ్మడికాయ కట్టే ఊళ్లో పెరిగిన మనకి ఇది పిచ్చిగా కనిపించదు. అందుకే మనం ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి, ఆమెని తొందరగా నమ్మేస్తాం.

రెండు, అంకుల్ జూలియన్ నవ్వు. ఆయన ఆ విషం రాత్రి మీద పుస్తకం రాస్తున్నాడు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఎంత పంచదార వేసుకున్నారు, అంతా నోట్సు. తన భార్య పోయిన భోజనం గురించి టూరిస్టు గైడులా చెబుతాడు. హెలెన్ క్లార్క్ అనే ఆవిడ టీకి వస్తూ మిసెస్ రైట్ అనే ఇంకొకావిడని వెంటబెట్టుకొస్తుంది. ఈ రెండో ఆవిడకి భయం, భయాన్ని మించిన ఆత్రం. జూలియన్‌కి అలాంటి శ్రోత దొరికితే పండగే. ఆ మధ్యలో మెర్రిక్యాట్ మర్యాదగా పంచదార కావాలా అని అడుగుతుంది. ఈ సన్నివేశాన్ని ఇద్దరు ముగ్గురు కూర్చుని పాత్రలు పంచుకుని పైకి చదివితే నాటకంలా ఉంటుంది.

కానీ ఇదే జూలియన్ ఒక్కోసారి గాబరాపడి, అదంతా నిజంగా జరిగిందా అని అడుగుతాడు. జరిగిందని కాన్‌స్టెన్స్ ఓదారుస్తుంది. తన వాళ్ల చావు నిజమేనని తెలిసి ఆయన మనసు కుదుటపడుతుంది. అక్కడ నా పెన్సిల్ ఏ అక్షరం వేయాలో తెలియక ఆగిపోయింది.

మూడు, ఊరి నవ్వు. టీ తాగమంటే విషం పెడతావు వద్దు అన్న అర్థంలో పిల్లలు పాట కట్టి పాడతారు. కాఫీ తాగే చోట జిమ్ డొనెల్ అనేవాడు పక్కన చేరి వెటకారాలాడతాడు. ఈ పాట తమాషాగానే ఉంటుంది, నోట్లో ఆడుతుంది కూడా. మీరు ఆ పాటని గొణుగుతున్నట్టు గమనించుకుంటే పుస్తకం మూసి ఐదు నిమిషాలు ఆగండి. గేటు బయట గుంపులో మీరూ చేరారు. రచయిత్రి కావాలనే చేర్పించింది.

6. ఐదు రోజుల వరస

- మొదటి రోజు: 1, 2 అధ్యాయాలు. ఊరి నడక, టీ. తొందర వద్దు.
- రెండో రోజు: 3, 4. ఏమీ జరగనట్టు అనిపిస్తుంది. తోట, వంట, పిల్లి. ఈ ప్రశాంతతని దాటేయకండి, తర్వాత పోయేది ఇదే.
- మూడో రోజు: 5, 6. దాయాది చార్లెస్ ఇంట్లో తిష్ఠ వేశాక పరిస్థితి.
- నాలుగో రోజు: 7, 8 కలిపి ఒకే బిగిన. మధ్యలో ఫోన్ ఎత్తకండి.
- ఐదో రోజు: 9, 10. వీలైతే పగలు చదవండి. భయానికి కాదు, మగత కళ్లతో చదివితే మెత్తగా జారిపోయే అధ్యాయాలు ఇవి.

రోజుకి గంట, గంటన్నర చాలు.

7. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*“చార్లెస్ దుర్మార్గుడు, అంతే.”* ఆస్తి వాసన పట్టి ఊడిపడే చుట్టాన్ని మనవాళ్లకి పరిచయం చేయక్కర్లేదు. ఇనప్పెట్టె మీద కన్నున్న మాట నిజమే. కానీ అతని మాటల్ని మాత్రమే ఒక కాగితం మీద రాసి చూడండి. ఈ పిల్ల ఎందుకిలా తిరుగుతోంది, డబ్బు నేలలో ఎందుకు పాతుతోంది, మీరు గేటు దాటి ఎందుకు రారు? చాలావరకు మనమూ అడగాల్సిన ప్రశ్నలే. మనం మెర్రిక్యాట్ బుర్రలో కూర్చుని వింటున్నాం కాబట్టి మనకీ ఒళ్లు మండుతుంది.

*“మెర్రిక్యాట్ వయసు మర్చిపోయాను.”* అందరూ మర్చిపోతారు. పన్నెండేళ్ల పిల్ల మాట్లాడినట్టుంటుంది. ప్రతి అధ్యాయం మొదట్లో పెన్సిల్‌తో ‘18’ అని రాసుకోండి. ఆ అంకె కింద ఆమె మాటలు చదివితే తేడా తెలుస్తుంది.

*“నవ్వు రావట్లేదు.”* లోపల లోపలే చదువుతున్నారన్నమాట. జూలియన్ మాటలు వచ్చిన పేజీ తీసి, రిటైరైన హిస్టరీ మేష్టారి గొంతుతో పైకి చదవండి.

*“నవ్వు ఎక్కువైపోయి భయం పోయింది.”* ‘తి’ గుర్తుల దగ్గరికి వెళ్లండి. వాటి పక్కన ఆ పూట ఎవరు వండారో రాయండి.

*“రచయిత్రి జీవితం చదివి మొదలుపెట్టాను.”* జాక్సన్ తన చివరి ఏళ్లలో ఇల్లు కదలడానికి భయపడిన మాట వాస్తవం. 1965లో, నలభై ఎనిమిదేళ్లకే పోయింది. ఆ సంగతి తలలో పెట్టుకుంటే కాన్‌స్టెన్స్ పాత్ర అంతా ఆవిడ డైరీ అయిపోతుంది, నవల ఆవిరైపోతుంది. జీవితచరిత్ర తర్వాత చదవండి.

8. రెండో చదువు (నవల పూర్తి చేసినవాళ్లకి మాత్రమే)

ఇక్కడి నుంచి గుట్టు ఉంది. చదవనివాళ్లు 9వ మెట్టుకి వెళ్లిపోండి.

విషం కలిపింది మెర్రిక్యాట్, కాన్‌స్టెన్స్‌కి ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. ఇది తెలిశాక మళ్లీ మొదటి పేజీకి వస్తే దాదాపు ప్రతి వాక్యానికీ ఇంకో అర్థం వస్తుంది. వారం పది రోజులు ఆగి, కింది నాలుగూ చూస్తూ చదవండి.

- కాన్‌స్టెన్స్ పళ్ల మీద పంచదార వేసుకోదు. ఆ రాత్రి మెర్రిక్యాట్‌కి భోజనం పెట్టకుండా గదికి పంపేశారు. రెండు ముక్కలూ చాలా ముందే, టీ కబుర్లలో కలిసి వచ్చేస్తాయి.
- పోలీసులు రాకముందే కాన్‌స్టెన్స్ పంచదార గిన్నె కడిగేసింది. అందులో సాలీడు ఉందని చెప్పింది. ఎవర్ని కాపాడటానికి ఆ సాలీడు?
- వంటింట్లో తను చేయకూడని పనులు కొన్ని ఉన్నాయని మెర్రిక్యాట్ అంటుంది. ఎవరు వద్దన్నారో చెప్పదు.
- జూలియన్ ఎప్పుడైనా మెర్రిక్యాట్‌తో నేరుగా మాట్లాడాడా? ఆమె అనాథాశ్రమంలో ఎప్పుడో చనిపోయిందని ఆయన నమ్మకం. ఒకే బల్ల దగ్గర ఆరేళ్లు. పుస్తకం మొత్తంలో నన్ను ఎక్కువ వణికించింది ఇది. నవ్వించిందీ ఇదే.

మంటల రాత్రిని విడిగా చదవండి. జిమ్ డొనెల్ ఫైర్ చీఫ్. ముందు మంట ఆర్పుతాడు, అంటే డ్యూటీ పూర్తి చేస్తాడు. తర్వాత టోపీ తీసి పక్కన పెట్టి మొదటి రాయి విసురుతాడు. ఆ టోపీ తీయడం దగ్గర ‘న’ పెడతారో ‘భ’ పెడతారో మీ ఇష్టం. ఆపైన అదే ఊరు గుమ్మం ముందు వంటకాల గంపలు పెట్టి, పగలగొట్టిన వాటికి క్షమించమని చీటీలు రాయడం మొదలుపెడుతుంది. మొదట్లో ఊరివాళ్లు ఈ ఇంటి తిండికి భయపడ్డారు. ఇప్పుడు ఈ ఇంటికి తిండి వాళ్లే పంపుతున్నారు. మీ ‘తి’ గుర్తులన్నీ వరసగా చూసుకుంటూ వస్తే ఈ మలుపు కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది.

9. తర్వాత ఏ పుస్తకం

భయం ఎక్కువ కావాలంటే ‘హిల్ హౌస్’. నవ్వు మాత్రమే చాలనుకుంటే 1953లో వచ్చిన ‘లైఫ్ అమాంగ్ ది సావేజెస్’. పిల్లలతో ఇల్లు నడపడం గురించి ఆవిడే రాసుకున్న సరదా పుస్తకం, విషం ఊసే ఉండదు.

రెండూ కలిపి కావాలంటే మాత్రం 1958 నాటి ‘ది సన్‌డయల్’. లోకం అంతమవుతుంది, ఈ ఇంట్లో ఉన్నవాళ్లే మిగులుతారు అని నమ్మిన ఒక డబ్బున్న కుటుంబం కథ. కొడుకు అంత్యక్రియల నుంచి ఇంటికి తిరిగి రావడంతో మొదలవుతుంది. అతన్ని మెట్ల మీంచి తోసింది కన్నతల్లే అని ఇంట్లోవాళ్ల అనుమానం. పోయినాయన కూతురు, చిన్నపిల్ల, నాన్నని తోసినట్టు నానమ్మని నేను తొయ్యనా అని అమాయకంగా అడుగుతుంది. పెన్సిల్ చెక్కి పెట్టుకోండి, ఆ మాట మొదటి పేజీల్లోనే వస్తుంది.